బయటి గ్రహాలకు ఫొటోలు ఎందుకు ఉండవు? నిన్నటి ప్రశ్నకు జవాబు

అందరికీ నమస్తే. దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్లో ఎక్కువ భాగం ఫొటోకు చిక్కినవి కావండి. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచే వాటిని పట్టుకున్నారు.

ఇలా దాటుతూ ఒక గ్రహం మొదటిసారి దొరికిపోయింది 1999లో, హెచ్‌డీ 209458 అనే నక్షత్రం దగ్గర. అక్కడ గ్రహం ఉందని నక్షత్రం ఊగిసలాటను (గ్రహం లాగుడుకు నక్షత్రం అటూ ఇటూ కదలడాన్ని) బట్టి అప్పటికే తెలుసు. ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ షార్బొనో బృందం వాడిన టెలిస్కోపు ఎంతనుకున్నారు? 10 సెంటీమీటర్లు! మనలో కొందరి మేడల మీద అంతకంటే పెద్దవే ఉన్నాయి. వెలుగు తగ్గింది ఒకటిన్నర శాతం పైచిలుకు, సుమారు మూడు గంటల పాటు. మూడున్నర రోజులకోసారి మళ్లీ అదే తంతు.

తగ్గుదలను బట్టి గ్రహం సైజు తెలుస్తుంది, బరువు తెలియదు. దానికి ఊగిసలాట లెక్కే కావాలి. రెండూ కలిపి చూస్తే ఈ గ్రహం గురుడికంటే లావు, బరువు మాత్రం గురుడిలో మూడింట రెండొంతులే. విడ్డూరం కదా!

మన భూమి లాంటిదైతే తగ్గేది 0.008 శాతమే, అదీ ఏడాదికోసారి. కక్ష్య మన చూపుకు సరిగ్గా అడ్డం పడితేనే అదైనా కనిపిస్తుంది. అందుకే 2009లో కెప్లర్, 2018లో టెస్ అనే అంతరిక్ష టెలిస్కోపులను వాతావరణం దాటించి పైకి పంపారు.

మన హెచ్‌డీ 209458 నక్షత్రం పూర్వాభాద్రకు కాస్త పడమరగా ఉంటుంది. కార్తీక మాసంలో, చీకటి పడ్డాక బైనాక్యులర్‌తో వెతకండి. గ్రహం మాత్రం కనిపించదు, ముందే చెబుతున్నా.