చేతులు కదలకపోతే తెలివి లేనట్టేనా?

సంపాదకులకు,

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల కదలిక అదుపు తప్పే స్థితి) ఉన్న మూడేళ్ల పాపకు నేను తల్లిని. ఎదుగుదల పరీక్షలో రంగు దిమ్మెలు ఒకదానిపై ఒకటి పేర్చమన్నారు. బిగుసుకుపోయే వేళ్లతో పేర్చలేకపోయింది. 'మేధో వికాసం తక్కువ' అని రాసేశారు. కానీ 'ఎర్రది ఏది?' అని అడగండి, తన చూపు సూటిగా దాని మీదకే వెళ్తుంది. అది జవాబు కాదా?

రంగు తెలుసో లేదో చూడటానికి చేతిపట్టుతో పనేముంది? చూపుతోనో, తల ఊపో చెప్పనివ్వండి, టైమ్ లెక్క పెట్టకండి. అలా పద్ధతి మార్చినప్పుడు ఆ మార్కుల్ని, మామూలు పద్ధతిలో పరీక్షించిన పిల్లల మార్కుల పట్టికతో యథాతథంగా పోల్చకూడదు. ఏం మార్చారో రిపోర్టులో రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యం కూర్చోబెట్టే తీరు. తలకు, నడుముకు ఆసరా ఉండాలి, పాదాలు ఆనాలి. పక్కకు ఒరిగిపోకుండా ఉండటానికే బలమంతా ఖర్చయితే పాప ఇంక ఆలోచించేదెప్పుడు? చూపు, వినికిడి పరీక్షలు ముందే అయిపోవాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు రెండేళ్లు వచ్చేదాకా సరిచేసిన వయసునే, అంటే పుట్టిన రోజు నుంచి కాక పుట్టాల్సిన రోజు నుంచి లెక్కించిన వయసునే, లెక్కలోకి తీసుకోవాలి.

తనకు అలవాటైన ఇంట్లో తీసిన వీడియోలు కూడా చూడమని డాక్టర్లను, థెరపిస్టులను కోరుతున్నాను. కొత్త గదిలో, కొత్త మనుషుల ముందు మా పాప ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది.

- ఒక తల్లి