నల్లరాయి నల్లగానే కనపడాలి: హెచ్‌డీఆర్ ఫోటోల గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు తీసిన గుడుల, కోటల ఫోటోలకు చోటివ్వడం మంచి పని. అయితే వాటిలో హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్: వేర్వేరు వెలుతురు మోతాదుల్లో తీసిన ఫోటోలు కలిపి, వెలుగులోనూ నీడలోనూ వివరం చూపే పద్ధతి) ఎఫెక్టు పులిమిన ఫోటోలు ఎక్కువవుతున్నాయి. గోపురం చుట్టూ తెల్లటి అంచు, ఎండవేళ కూడా బూడిదరంగు మబ్బులు, కళ్లు చెదిరే పచ్చటి గడ్డి. ఫోన్‌లో చూస్తే ఆకట్టుకుంటాయి, పత్రికలో అచ్చయ్యేసరికి మురికి పట్టినట్టు ఉంటాయి. తప్పు హెచ్‌డీఆర్‌ది కాదు. దాన్ని ఎందుకు వాడాలో, ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే అసలు చిక్కు. మీ పాఠకుల్లో ఫోటోలు తీసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

రామప్ప గుడినే తీసుకుందాం. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద నిలబడ్డ మదనికలు (స్త్రీమూర్తుల శిల్పాలు), రంగమండపం స్తంభాలు నునుపు తేల్చిన నల్లరాయి. మదనిక మీద చూరు నీడ, వెనక మెరిసే ఆకాశం. ఆకాశానికి ఎక్స్‌పోజర్ (కెమెరాలో పడే వెలుతురు మోతాదు) సరిచేస్తే శిల్పం మసిముద్ద అవుతుంది, శిల్పానికి సరిచేస్తే ఆకాశం తెల్లకాగితమవుతుంది. హెచ్‌డీఆర్ పుట్టింది సరిగ్గా ఇలాంటి చోటు కోసమే. ఈ అవసరం డిజిటల్ కాలంలో వచ్చింది కూడా కాదు. 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరో నెగటివ్ తీసి రెంటినీ ఒకే ప్రింటులో కలిపాడు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, మన దృశ్యానికి హెచ్‌డీఆర్ అవసరమా అని. కెమెరాను స్పాట్ మీటరింగ్‌లో (ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) పెట్టి, ఎపర్చర్ (లెన్సు రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) కదపకుండా, వివరం కావాల్సిన చోట్లలో అన్నిటికన్నా వెలుగుగా ఉన్నదాన్నీ, అన్నిటికన్నా చీకటిగా ఉన్నదాన్నీ కొలవండి. షట్టర్ స్పీడు మబ్బుకు 1/1000 సెకను, శిల్పానికి 1/30 సెకను చూపిస్తే తేడా అయిదు స్టాపులే. స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం లేదా సగం కావడం. అయిదారు స్టాపుల తేడాను ఇప్పటి కెమెరాల్లో ఒక్క రా ఫైలే (కెమెరా సెన్సర్ నమోదు చేసిన ముడి సమాచారం) మోస్తుంది. మబ్బు కాలిపోకుండా కాస్త తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి, నీడల్ని తర్వాత ఎత్తుకుంటే చాలు. తేడా ఏడెనిమిది స్టాపులు దాటితేనే పలు ఎక్స్‌పోజర్లు కలపాల్సిన పని పడుతుంది. రంగమండపం లోపల నిలబడి, స్తంభాల మధ్య నుంచి ఎండ కాస్తున్న ఆవరణను తీసే ఫోటో అలాంటిది.

దానికి కెమెరా మాన్యువల్ మోడ్‌లో ఉండాలి. ఎపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెట్టి, షట్టర్ స్పీడు ఒక్కటే మార్చాలి. ఎపర్చర్ మారిస్తే ఒక్కో ఫోటోలో స్పష్టత ఒక్కోలా వచ్చి కలిపినప్పుడు అంచులు పొసగవు. ఐఎస్ఓ మారిస్తే నాయిస్ (ఇసుక చల్లినట్టుండే మచ్చలు) మారుతుంది. ఒకసారి ఫోకస్ చేశాక మాన్యువల్‌లోకి తిప్పాలి, వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంచకూడదు. రెండేసి స్టాపుల ఎడంతో 1/500, 1/125, 1/30, 1/8, 1/2 సెకను, ఇలా అయిదు ఫోటోలు సరిపోతాయి. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసుకోండి. అన్నిటికన్నా ముదురు ఫోటోలో గీత కుడి గోడకు తగలకూడదు, అన్నిటికన్నా లేత ఫోటోలో ఎడమ గోడకు తగలకూడదు. చాలామంది మూడు ఫోటోలు ఒక్కో స్టాపు ఎడంతో తీసి కలుపుతారు. అలా మొత్తం రెండు స్టాపులే కలిసొస్తుంది. ఆ మాత్రం దూరం ఒక్క రా ఫైలులోనే దొరుకుతుంది కనుక పడ్డ శ్రమకు ఫలితం ఉండదు.

పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. అది లేకపోతే ఆటో బ్రాకెటింగ్ (కెమెరాయే ఎక్స్‌పోజర్ మారుస్తూ వరసగా తీసే సదుపాయం) పెట్టి, రెండేసి స్టాపుల ఎడంతో మూడు ఫోటోలు ఒకే ఊపులో తీయండి. ఐఎస్ఓ 400కో 800కో పెంచి, అన్నిటికన్నా నెమ్మది షట్టర్ 1/30కి తగ్గకుండా చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ వాటిని ఒకదానిపై ఒకటి సర్దేటప్పుడు అంచులు కొంత కత్తిరిస్తుంది, కాబట్టి ఫ్రేములో చుట్టూ కాస్త చోటు వదలండి. కెమెరాను శిల్పాలకు ఆనించవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

రా ఫైలు ఎందుకని అడిగేవాళ్లకు లెక్క చెబుతాను. జేపెగ్‌లో (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలు) ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే. 14 బిట్ల రా ఫైలులో 16,384. రా ఫైలులోని ఆ మెట్లలో సగం అన్నిటికన్నా వెలుగుగా ఉన్న పైస్టాపుకే పోతాయి, మిగిలినవాటిలో సగం దాని కింది స్టాపుకు, ఇలా కిందికి దిగేకొద్దీ నీడలకు మిగిలేవి కొన్నే. జేపెగ్‌లో ముదురు నీడను నాలుగు స్టాపులు ఎత్తితే చారలు, మచ్చలు తేలడానికి కారణం అసలే మెట్లు తక్కువ కావడం. ఫోటోషాప్‌లోని హెచ్‌డీఆర్ టోనింగ్ అనే కమాండు ఈ పనే చేస్తుంది. ఒక్క ఫోటోను తీసుకుని, లేయర్లన్నీ (పొరలన్నీ) ఒక్కటి చేసేసి, ఉన్న టోన్లనే (వెలుగునీడల స్థాయిల్నే) సాగదీస్తుంది. కాలిపోయిన మబ్బులో లేని వివరం అది తేలేదు. మీకు వస్తున్న ఫోటోల్లో చాలావరకు దీంతో చేసినవేనని వాటి తీరు చూస్తే తెలిసిపోతుంది.

కలపడానికి లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్ సులువు. అయిదు రా ఫైళ్లూ ఎంచుకుని కంట్రోల్+హెచ్ నొక్కాలి. కలపకముందు వాటి మీద ఏ మార్పులూ చేయకండి. ఆటో అలైన్ ఉంచండి. ఆటో సెట్టింగ్స్ తీసేయండి, అది నీడల్ని ఎక్కువగా ఎత్తేస్తుంది. డీఘోస్ట్ దగ్గర ఆగి చూడాలి. ఫోటోకూ ఫోటోకూ మధ్య జనం కదిలినా, చెట్ల ఆకులు ఊగినా కలిసిన ఫోటోలో దయ్యాల్లా నీడలు పడతాయి. డీఘోస్ట్ ఆ భాగాన్ని ఏదో ఒక్క ఫోటో నుంచే తీసుకుంటుంది. ఆ ఫోటో ముదురుదైతే అక్కడ నాయిస్ మిగిలిపోతుంది. అందుకే ముందు 'నన్' పెట్టి చూసి, అవసరమైతే 'లో' (తక్కువ) స్థాయికి, తప్పకపోతేనే 'మీడియం'కి వెళ్లండి. ఏ భాగాన్ని సరిదిద్దుతోందో ఎర్రరంగులో చూపించే టిక్కు అక్కడే ఉంది. ఎవరూ లేని రాతిస్తంభాల మీద కూడా ఎరుపు పడితే, అనవసరంగా 'హై' పెట్టారని అర్థం.

కలిపాక వచ్చే డీఎన్‌జీ అనే రా తరహా ఫైలులో ఎక్స్‌పోజర్ స్లైడర్ అయిదు స్టాపులకు బదులు పది స్టాపులు అటూ ఇటూ జరుగుతుంది. ఇక్కడే చేతులు ఆగవు. రంగమండపం ఫోటోకు నేను ఇష్టపడే కొలతలు ఇవి: హైలైట్స్ మైనస్ 60 నుంచి 80, షాడోస్ ప్లస్ 30 నుంచి 40, బ్లాక్స్ మైనస్ 10 లేదా 15, క్లారిటీ 10కి మించకుండా, శాచురేషన్ సున్నా, కావాలంటే వైబ్రెన్స్ 8 లేదా 10. అందరూ షాడోస్ 100కి లాగుతారు. అప్పుడు ఆ నల్లరాయికి ఏమవుతుందో దగ్గరగా చూడండి. నునుపు తేల్చిన నల్లరాతికి సొంత వెలుగు తక్కువ. దాని అందమంతా ఒంపుల మీద సన్నగా జారే ఆకాశపు ప్రతిబింబంలో ఉంది. మదనిక మోకాలి మీద, భుజం మీద, నడుము పక్కన ఆ తెల్లటి గీత, దాని పక్కనే చిక్కటి నలుపు. ఆ రెంటి మధ్య తేడాయే మన కంటికి నునుపుగా తోస్తుంది. నలుపును సగం దాకా ఎత్తేస్తే గీత పలచబడుతుంది, ఒంపు చదునవుతుంది, శిల్పం సిమెంటుతో పోతపోసినట్టు కనిపిస్తుంది. పక్కనున్న ఎర్ర ఇసుకరాయేమో నారింజరంగులోకి తిరుగుతుంది. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన పనితనాన్ని ఒక్క స్లైడర్ తుడిచేస్తుంది. నీడలో కొంత భాగం నీడగానే ఉండిపోనివ్వండి.

ఫోటోషాప్‌లో చేసేవాళ్లు ఫైల్, ఆటోమేట్, మెర్జ్ టు హెచ్‌డీఆర్ ప్రో అనే దారిలో వెళ్లాలి. అక్కడ 32 బిట్ ఎంచుకుని టోనింగ్‌ను కెమెరా రాలో పూర్తిచేసే టిక్కు పెట్టుకోవడం మేలు. 16 బిట్‌లో లోకల్ అడాప్టేషన్‌తో చేయదలిస్తే ఎడ్జ్ గ్లో కింద ఉన్న రేడియస్, స్ట్రెంగ్త్ అనే రెంటినీ జాగ్రత్తగా చూసుకోవాలి. గోపురం చుట్టూ తెల్లటి అంచు పుట్టేది ఇక్కడే. ఈ పద్ధతి ప్రతి చుక్కనూ దాని చుట్టుపక్కల సగటు వెలుగుతో పోల్చి మారుస్తుంది. ఆకాశం మధ్యలో చుట్టూ అంతా వెలుగే కనుక బాగా ముదురు చేస్తుంది. గోపురం పక్కకు వచ్చేసరికి ముదురు రాయి లెక్కలోకి వచ్చి సగటు పడిపోతుంది. దాంతో అక్కడి ఆకాశాన్ని తక్కువగా ముదురు చేస్తుంది, అదే తెల్లటి పట్టీగా తేలుతుంది. స్ట్రెంగ్త్ ఎక్కువైతే ఆ పట్టీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. స్ట్రెంగ్త్ తగ్గించి, రేడియస్ మారుస్తూ అంచును వంద శాతం జూమ్‌లోనూ, పూర్తి ఫోటోలోనూ చూసుకోండి. డీటెయిల్‌ను ముందే ఉన్న 30 శాతం దగ్గరే వదిలేయండి. సర్రియలిస్టిక్ పేరున్న ప్రీసెట్ల జోలికి వారసత్వ కట్టడాల ఫోటోలకు పోకపోవడమే మంచిది.

ఆకాశానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి చూడండి. మబ్బు లేని పగటి ఫోటోలో ఎండపడని నీడగోడ కన్నా ఆకాశం ముదురుగా ఉంటే, టోన్ మ్యాపింగ్ (పైన చెప్పినట్టు వెలుగునీడల తేడాను కుదించడం) మోతాదు మించిందన్నమాట. ఆ నీడగోడకు వెలుతురు ఇచ్చేదే ఆకాశం, అది గోడకన్నా చీకటిగా ఎలా ఉంటుంది? చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా, ఏదో తేడా ఉందని వాళ్ల కన్ను పట్టేస్తుంది.

టోన్ మ్యాపింగ్ నచ్చనివాళ్లకు లేయర్ మాస్క్ (పై ఫోటోలో కావాల్సిన భాగాన్నే కనపడనిచ్చి మిగతాది దాచే ముసుగు) ఉంది. నా ఓటు దీనికే. ముదురు ఫోటో అడుగున, లేత ఫోటో పైన పెట్టి సర్దండి. పై లేయర్‌లో కంట్రోల్+ఆల్ట్+2 నొక్కితే వెలుగు భాగాల ఎంపిక వస్తుంది. దాన్ని తిరగేసి మాస్క్ చేస్తే చీకటి చోట్లలో లేత ఫోటో, వెలుగు చోట్లలో ముదురు ఫోటో కనపడతాయి. మాస్క్‌కు కొద్దిగా ఫెదర్ (అంచు మెత్తబరచడం) ఇచ్చి, స్తంభాల అంచుల దగ్గర మెత్తటి బ్రష్‌తో 20 శాతం ఒపాసిటీలో సరిచేసుకోవాలి. సమయం పడుతుంది, కానీ ఎక్కడ ఎంత అన్నది మన చేతిలోనే ఉంటుంది. డబ్బు పెట్టలేనివాళ్లకు డార్క్‌టేబుల్, ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్ ఉచితంగా దొరుకుతాయి. హ్యూగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ కూడా ఉచితమే. అది 2007లో వెలువడిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ పద్ధతిలో ప్రతి ఫోటోలోంచి బాగా వచ్చిన భాగాల్ని ఏరి కలుపుతుంది. ఫలితం చాలాసార్లు సహజంగానే వస్తుంది.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఒక్క మాట. ఇప్పటి ఫోన్లు బటన్ నొక్కగానే పలు ఫ్రేములు తీసి, కలిపి, టోన్లు సర్ది మరీ ఫోటో ఇస్తాయి. దాని మీద ఏదో యాప్‌లో మళ్లీ హెచ్‌డీఆర్ బటన్ నొక్కితే చేసిన పనినే రెండోసారి చేయడమవుతుంది. ముఖాలు నల్లబడటం, చర్మం గరుకుగా మారడం, పసుపు కుంకుమలు రంగుముద్దలైపోవడం అందువల్లే.

ఇక మీ ప్రెస్సు సంగతి. న్యూస్‌ప్రింట్ మీద కాగితపు తెలుపుకూ, సిరా నలుపుకూ మధ్య నాలుగు స్టాపుల తేడా కూడా రాదు. కాగితం సిరా పీల్చుకుని అచ్చు చుక్క ఉబ్బుతుంది, 50 శాతం చుక్క 76 శాతం దగ్గర అచ్చవుతుంది. నాలుగు రంగులూ కలిపి 240 శాతం దాటితే సిరా ఆరదు, అవతలి పేజీకి అంటుతుంది. క్లారిటీ, డీటెయిల్ పెంచి మధ్య టోన్లలో పుట్టించిన గరుకుతనమంతా ఈ ఉబ్బులో కలిసిపోయి మరకలవుతుంది. పత్రికకు పంపే కాపీలో మధ్య టోన్లను స్క్రీన్ మీద కాస్త లేతగా అనిపించేంత ఎత్తాలి, క్లారిటీ సున్నాకు దించాలి. జేపెగ్‌ను ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలో, అచ్చయ్యే సైజులో అంగుళానికి 200 పిక్సెళ్లకు తగ్గకుండా సేవ్ చేయాలి. వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి.

మీకు రెండు విన్నపాలు. పాఠకుల ఫోటోలకు ఆహ్వానం వేసేటప్పుడు, ఎడిట్ చేసిన ఫైలుతో పాటు కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు కూడా అడగండి. మీ డెస్కులో ఎఫెక్టు ఎక్కువైందనిపిస్తే అసలుదే వేసుకోవచ్చు. పలు ఎక్స్‌పోజర్లు కలిపిన ఫోటో అయితే కింద ఆ మాట చిన్న అక్షరాల్లోనైనా వేయండి. రెండోది వార్తాఫోటోల గురించి. 2013లో వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి ప్రకటించాక, గాజాలో పిల్లల అంతిమయాత్ర ఫోటో మీద పెద్ద దుమారం లేచింది. పలు ఫోటోలు కలిపారన్న ఆరోపణ మీద నిపుణులు అసలు రా ఫైలును పరిశీలించి, రంగులు, టోన్లు మాత్రమే సవరించారనీ, ఏదీ అతికించలేదనీ తేల్చారు. అసలు ఫైలు చేతిలో ఉండబట్టే ఆ సంగతి తేలింది. ప్రమాదాల, ధర్నాల, వరదల ఫోటోల్లో హెచ్‌డీఆర్ ఎఫెక్టును మీ పత్రిక పూర్తిగా నిషేధించి, ఆ నియమాన్ని మీ విలేకరులతో పాటు ఫోటోలు పంపే పాఠకులకూ తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు
ఒక ఫోటోగ్రాఫర్, హనుమకొండ