కొబ్బరి మొక్కకు తల్లి ఎవరో, తండ్రి ఎవరో రాసి అమ్మాలి

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడగానే హనుమకొండ, పరకాల, జనగామ రోడ్ల పక్కన కొబ్బరి మొక్కల వ్యాన్లు ఆగుతాయి. అమ్మేవాళ్లు ప్రతి మొక్కనూ హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన సంకర మొక్క, అనే చెబుతారు. ఏ తల్లి చెట్టు కాయ, ఏ చెట్టు పుప్పొడి, ఏ నారుమడిలో మొలిచింది అని అడిగితే జవాబు ఉండదు. పత్తి, మిరప విత్తనాల్లో నకిలీల మీద మన జిల్లాలో ఏటా తనిఖీలు జరుగుతాయి, కేసులు పెడతారు, మీ పత్రికలో వార్తలూ వస్తాయి. కొబ్బరి మొక్క మీద మాత్రం ఎవరి కన్నూ పడడం లేదు. పత్తి విత్తనం మోసం చేస్తే ఒక పంటకాలం పోతుంది, అదేమీ చిన్న నష్టం కాదు. కానీ పొడవు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మోసం బయటపడేది అప్పుడు. అప్పటికి అమ్మినవాడు ఎక్కడుంటాడో తెలియదు, రసీదు ఉండదు, ఎకరానికి అరవై డెబ్బై చెట్లు మాత్రం పొలంలో నిలబడి ఉంటాయి. మా తమ్ముడి తోటలో జరిగింది ఇదే. మూడు నాలుగేళ్లలో కాపు అని చెప్పి అమ్మిన మొక్కల్లో సగానికి పైగా మామూలు పొడవు రకంగా తేలాయి. చాలా ఏళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

మామిడికి, జామకు నచ్చిన చెట్టు కొమ్మ తెచ్చి అంటు కట్టుకుంటాం. కొబ్బరికి ఆ వీలు లేదు. కొమ్మ లేదు, పిలక లేదు, ఉన్నది చెట్టు కొనన చిగురు వేసే ఒక్క మొవ్వు. ఆ మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. కాబట్టి కొత్త మొక్క కాయ నుంచే రావాలి. కాయలోని పిండానికి ఉండే 32 క్రోమోజోముల్లో 16 తల్లివి, 16 తండ్రివి. తల్లి చెట్టు ఎంత గొప్పదైనా సగం గుణం బయటినుంచే వస్తుంది.

ఆ సగం ఎక్కడినుంచి వస్తుందన్నదే అసలు చిక్కు. పూగుత్తిని కప్పి ఉంచే పొత్తి విచ్చుకున్నాక పూగుత్తి రెమ్మల నిండా వేల మగపూలు ఉంటాయి, మొదళ్ల దగ్గర కొద్దిపాటి ఆడపూలు ఉంటాయి. పొడవు రకాల్లో సాధారణంగా మగపూలు రాలిపోయాకే ఆడపూలు పుప్పొడిని స్వీకరించే దశకు వస్తాయి. అంటే పుప్పొడి పక్క చెట్టు నుంచి గాలికో, తేనెటీగ ఒంటికి అంటుకునో రావాలి. ఒకే గెలలోని రెండు కాయలకు తండ్రులు వేరు కావచ్చు. పొట్టి రకాల్లో రెండు దశలూ కలిసి నడుస్తాయి కనుక అవి చాలావరకు సొంత పుప్పొడితోనే కాయ కడతాయి, పిల్ల మొక్కలు తల్లిని పోలి ఉంటాయి. పొట్టి రకం మూడు నాలుగేళ్లకే కాపుకు వస్తుంది గానీ ఎక్కువ కాలం బతకదు, నీటి ఎద్దడికి త్వరగా లొంగిపోతుంది. పొడవు రకం ఆలస్యంగా కాస్తుంది గానీ అరవై, డెబ్బై ఏళ్లు నిలుస్తుంది.

ఈ రెంటినీ కలిపితే ఏమవుతుందో మొదట చూపించింది మన దేశమే. 1932లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలేశ్వరంలో (ఇప్పుడు అది కేరళలో ఉంది) శాస్త్రవేత్త జె.ఎస్. పటేల్ పొడవు రకం ఆడపూల మీద పొట్టి రకం పుప్పొడి చల్లి సంకరం చేశారు. ఆ మొక్కలు తొందరగా కాపుకు వచ్చాయి, కాయలూ ఎక్కువే ఇచ్చాయి. కోనసీమలోని అంబాజీపేట పరిశోధన కేంద్రం ఇచ్చిన గోదావరి గంగ ఇదే దారిలో వచ్చింది. దానికి తల్లి తూర్పు తీర పొడవు రకం, తండ్రి గంగబొండాం అనే పొట్టి రకం. ఇలా ఒక్కో కాయ తయారు చేయడానికి పడే శ్రమ సామాన్యమైనది కాదు. చెట్టెక్కి, మగపూలన్నీ కత్తిరించి, గుత్తికి సంచి కట్టి, ఆడపూలు పక్వానికి వచ్చిన రోజుల్లో మళ్లీ మళ్లీ ఎక్కి పుప్పొడి చల్లాలి. ఏడాది తర్వాత కాయ ముదురుతుంది. ఆ కాయ మొలిచి, నాటేందుకు తగిన మొక్క కావడానికి మరో ఏడాది. ఇంత చాకిరీ ఉన్న మొక్కను రోడ్డు పక్కన చవకగా అమ్ముతున్నారంటే అనుమానించి తీరాలి. సంకర చెట్టు కాసిన కాయనే మళ్లీ విత్తనంగా మొలకెత్తించి హైబ్రిడ్ అని అమ్మడం ఇంకో రకం మోసం. ఆ తరంలో గుణాలు చెదిరిపోతాయి, ఒక చెట్టుకూ మరో చెట్టుకూ పొంతన ఉండదు.

అసలు సంకరమా కాదా అన్నది నారుమడిలోనే తేల్చవచ్చు. చౌఘాట్ ఆరెంజ్ అనే పొట్టి రకాన్ని తల్లిగా పెట్టిన చోట పని సులువు. సొంత పుప్పొడితో పుట్టిన మొలక మట్ట నారింజ రంగులో ఉంటుంది, సంకర మొలక మట్ట గోధుమ రంగుకు తిరుగుతుంది. నారింజ మట్టలను ఏరి పారేస్తే చాలు. గోదావరి గంగ వంటి వాటిలో ఈ ఉపాయాన్ని నమ్ముకోలేం, రంగు చూసి తల్లిదండ్రులను పోల్చడం కష్టం. అక్కడ ఆకు ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేయాలి. తల్లి గుర్తు, తండ్రి గుర్తు రెండూ కనిపిస్తే అది సంకరం, లేకపోతే కాదు. ఈ పరీక్ష కొబ్బరిలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే. కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం, బయోటెక్నాలజీ విభాగం రెండూ ఉన్నాయి. నర్సరీల నుంచి వచ్చే నమూనాలకు ఈ పరీక్ష చేసే బాధ్యత ప్రభుత్వం వాటికి ఎందుకు అప్పగించకూడదు? విద్యార్థులకూ పని నేర్చుకున్నట్టవుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమనిపించే సంగతి ఇంకొకటి ఉంది. తల్లిదండ్రులు అసలైనవే అయినా అవి మన ఎండకు పనికివస్తాయా? కోనసీమలో సముద్రపు గాలి ఉంది, గోదావరి ఉంది. మేలో వరంగల్ ఎండ కొన్ని రోజుల్లో 44, 45 డిగ్రీల దాకా వెళ్తుంది, గాలిలో తేమ ఉండదు. ఆ వేడికి పుప్పొడి సత్తువ తగ్గుతుంది, పిందెలు రాలిపోతాయి. ఇంకో విషయం రైతులకు ఎవరూ చెప్పడం లేదు. కొబ్బరిలో పూగుత్తి మొగ్గ మొవ్వు లోపల ఏర్పడిన దగ్గరనుంచి కాయ ముదిరే వరకు సుమారు 44 నెలలు పడుతుంది. అందుకే ఒక వేసవిలో నీళ్లు ఆగితే దాని దెబ్బ ఆ ఏడాదితో పోదు, రెండు మూడేళ్ల తర్వాత గెలల్లోనూ కనిపిస్తుంది. అప్పుడు రైతు ఎరువునో పురుగునో తప్పుపడతాడు.

మరి మన ఎండను తట్టుకునే చెట్టు ఎక్కడుంది? మన ఊళ్లలోనే ఉంది. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల కింది ఊళ్లలో, పాత చేదబావుల గట్ల మీద, గుడి ఆవరణల్లో దశాబ్దాల వయసున్న కొబ్బరి చెట్లు ఈనాటికీ కాస్తున్నాయి. వాటిని ఎవరూ లెక్క కట్టలేదు, కాయ తూచి చూడలేదు. ఇళ్లు కట్టడానికి, రోడ్లు వెడల్పు చేయడానికి ఒక్కొక్కటే కొట్టేస్తున్నారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇది. కొన్ని తరాల వేసవులు పరీక్ష పెట్టి మిగిల్చిన జన్యువులను, అవి ఏమిటో తెలుసుకోకుండానే నరికేస్తున్నాం.

అయితే నిలబడిన ప్రతి చెట్టూ గొప్ప జాతిదే అనుకోవడమూ సరికాదు. బావి పక్కన వేరుకు నీరందడం వల్ల బతికి ఉండవచ్చు. తేల్చే పద్ధతి ఉంది. అటువంటి చెట్లను గుర్తించి, ఏటా నిలకడగా ఎనభై కాయలకు తగ్గకుండా కాసేవాటిని ఏరి, వాటి కాయలను ఒకే పొలంలో, ఒకే నీటి తడి కింద పక్కపక్కన పెంచి చూడాలి. ఏ తల్లి పిల్లలు వరుసగా బాగా వస్తాయో ఆ తల్లి అసలైన తల్లి. దాని మీద మేలైన పొట్టి రకం పుప్పొడి చల్లితే మన నేలకు మన సంకరం వస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల పని ఇది. ఒక ప్రభుత్వ కాలంలో ముగియదు కనుకనే సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం దీన్ని చేపట్టాలని అడుగుతున్నాను. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఉన్న కొబ్బరి అనుభవం మంచిదే, కానీ ఆ వానలు వేరు, మన వానలు వేరు.

ఈ మధ్య 'టిష్యూ కల్చర్ కొబ్బరి' అన్న మాట కూడా వినిపిస్తోంది. అరటిలో అది విజయవంతమైంది కనుక కొబ్బరిలోనూ అంతే అని జనం నమ్ముతారు. విచిత్రం ఏమిటంటే, 1940ల నుంచి ప్రపంచమంతటా ఇతర మొక్కల కణాలను గాజు సీసాల్లో పెంచడానికి కొబ్బరి నీళ్లు వాడారు. కణాలను విభజింపజేసే పదార్థాలు అందులో ఉన్నాయి. తన కణాల విషయంలో మాత్రం కొబ్బరి మొండికేసింది. 2021లో బెల్జియంలోని లూవెన్ శాస్త్రవేత్తలు లేత మొక్కల మొగ్గ కణజాలం నుంచి మొక్కలను రెట్టింపు చేసే పద్ధతిని ప్రకటించారు. సంతోషించదగ్గ పని. కానీ ఆయిల్ పామ్ అనుభవం మరువరాదు. కణజాలం నుంచి పెంచిన ఆయిల్ పామ్ మొక్కల్లో కొన్ని చూడటానికి చక్కగా పెరిగి, కాపు వేళకు వికృతమైన కాయలు కాశాయి. జన్యువులో అక్షరం మారకపోయినా దాని మీది రసాయన ముద్ర చెరిగిపోవడమే కారణమని 2015లో తేలింది. కనుక పొలంలో కాపు చూపించిన తర్వాతే టిష్యూ కల్చర్ కొబ్బరిని రైతుకు అమ్మనివ్వాలి.

ఉద్యాన నర్సరీల నమోదుకు 2010 నాటి చట్టం ఉంది. దాని కింద కొబ్బరి అమ్మే ప్రతివారూ మొక్కకు చీటీ కట్టాలని ఆదేశించవచ్చు. తల్లి రకం, తండ్రి రకం, కాయ కోసిన తోట, మొలకెత్తించిన నెల, ఈ నాలుగూ అందులో ఉండాలి. చీటీ లేని మొక్కను ప్రభుత్వ రాయితీ కింద కొనకూడదు. రైతు సోదరులకు నా మనవి కూడా ఉంది. సుమారు ఏడాది వయసు, కనీసం ఆరు ఆకులు, బలమైన మొదలు, ఆకులు తొందరగా చీలిన మొక్కనే ఎంచుకోండి, రసీదు లేకుండా కొనకండి. మీ పెరట్లో పెద్దల కాలం నాటి చెట్టు ఉంటే కొట్టే ముందు మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక్కసారి చెప్పండి. వేములవాడ, కొండగట్టు, భద్రకాళి గుళ్లలో కొట్టే కాయ చాలావరకు బయటినుంచే వస్తోంది, మనకు గిరాకీ కొరత లేదు. వచ్చే తొలకరికి ముందే ఉద్యాన శాఖ ఈ చీటీ ఆదేశం ఇవ్వాలని, పాత చెట్ల సర్వే ఈ వేసవిలోనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
హనుమకొండ