పార్టీ తప్పుకుంటే ఓటరుకు దిక్కెవరు?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లో (మన రాష్ట్రంలాంటిది) ఎన్నికలకు రెండు నెలలైనా లేని సమయంలో ప్రధాన ప్రతిపక్షం పోటీ నుంచి తప్పుకోవడాన్ని చట్టం ఆపకపోవడం పెద్ద లోపం. 2001 నుంచి 2017 దాకా ప్రావిన్స్‌ను పాలించిన లిబరల్ పార్టీ 2023లో 'బీసీ యునైటెడ్' అని పేరు మార్చుకుంది. 2024 ఆగస్టు 28న నాయకుడు కెవిన్ ఫాల్కన్ ప్రచారం ఆపేసి, 2022లో తానే బయటికి పంపిన జాన్ రస్టాడ్ అప్పట్లో నడిపిన కన్సర్వేటివ్ పార్టీకి మద్దతు ప్రకటించారు. పార్టీ సభ్యుల ఓటింగ్ లేదు. ఆ పార్టీ సిట్టింగ్ శాసనసభ్యులు కొందరు స్వతంత్రులుగా నిలబడ్డా ఒక్కరూ గెలవలేదు. అక్టోబర్ 19న, పోలింగ్ రోజు, సర్రే నగరంలో నా ముందు నిలబడ్డ పెద్దాయన బ్యాలెట్ పట్టుకుని, "మనం ఎప్పుడూ వేసే పార్టీ ఏదీ?" అని కొడుకుని అడిగారు. కొడుకు దగ్గరా జవాబు లేదు. ఇక్కడి సర్రే-గిల్డ్‌ఫర్డ్ నియోజకవర్గ ఫలితం రీకౌంటింగ్ తర్వాత 22 ఓట్లతో తేలింది. 93 స్థానాల్లో 47 గెలిచిన అధికార పార్టీ ఎన్డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీ) మెజారిటీ దక్కింది ఆ సీటుతోనే. ఇంత బిగువైన పోటీలో ఓటరు అయోమయం చిన్న విషయం కాదు. కాబట్టి ఎన్నికల చట్టాన్ని సవరించాలి. సభలో గుర్తింపు ఉన్న పార్టీ బరి నుంచి తప్పుకోవాలంటే పార్టీ సభ్యుల ఓటింగ్ తప్పనిసరి చేయాలి, ఆ నిర్ణయం పోలింగ్‌కు కనీసం ఆరు నెలల ముందే ప్రకటించాలి. ఆ సంగతిని ఎన్నికల సంస్థ ప్రతి ఇంటికీ పంజాబీ, చైనీస్, తెలుగు సహా ఇక్కడివారు మాట్లాడే భాషల్లో తెలియజేయాలి.

– ఒక తెలుగు ఓటరు, సర్రే