హవాయి పేర్లకు ఒక్క ముక్క అర్థం చాలదు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పేర్ల శీర్షిక కింద ‘లేలాని’ అనే హవాయి పేరును చేర్చి, దానికి ‘స్వర్గపు పూలదండ’ అని అర్థమిచ్చారు. అది తప్పు కాదు గానీ, చాలదు. ‘లే’ అంటే దండ. తల్లిదండ్రుల భుజాలకెక్కిన బిడ్డ కాళ్లు మెడకు రెండు వైపులా దండలా వేలాడతాయి గనుక ముద్దుబిడ్డను కూడా అక్కడ ‘లే’ అనే అంటారు. ‘లాని’ ఆకాశమే అయినా, రాజవంశీకులనూ ఆ మాటతోనే గౌరవిస్తారు.

హవాయి సంప్రదాయంలో పేరు నిఘంటువు చూసి ఎంచుకునేది కాదు. పూర్వికులు కలలో కనిపించి చెప్పిన పేరును ‘ఇనోఆ పో’ అంటారు. దాన్ని పెట్టకపోతే బిడ్డకు కీడు జరుగుతుందని నమ్మేవారు. కొన్ని పేర్లు ఒక సంఘటనకు గుర్తుగా పుట్టేవి. హవాయి చివరి రాణి 1838లో పుట్టినప్పుడు, రాజ్యంలో ఉన్నతాధికారిణి అయిన కీనఉ కంటిజబ్బుతో బాధపడుతూ, ఆ బిడ్డకు మంట, కన్నీరు, వేదన, కంటినొప్పి అనే అర్థాలు వచ్చే పేర్లు పెట్టింది. పెద్దయిన ఆ బిడ్డను 1877లో వారసురాలిగా ప్రకటించినప్పుడు అన్న కలాకౌఅ రాజు ఆ పేర్లలో మొదటిదైన ‘లిలిఉ’కు ‘లాని’ని జోడించి, లిలిఉఒకలాని అన్నాడు. ఈ కథ తెలియని వారికి ఆ పేరులో మంట తప్ప ఏం కనిపిస్తుంది?

దుష్టశక్తుల కన్ను పడకుండా బిడ్డకు కావాలనే రోత పుట్టించే పేరు పెట్టడమూ అక్కడ ఉండేది. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకున్న మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ పేర్లు చట్టం దెబ్బ కూడా తిన్నాయి. నాలుగో కమెహమెహ రాజు కాలంలో, 1860లో వచ్చిన శాసనం ప్రతి బిడ్డకూ క్రైస్తవ పేరు, వివాహబంధంలో పుట్టిన బిడ్డకు తండ్రి పేరే ఇంటిపేరు ఉండాలని నిర్దేశించడంతో హవాయి పేర్లు చాలామటుకు నడిమి పేర్లుగా మిగిలిపోయాయి. ఆ నిబంధన 1967 దాకా రద్దు కాలేదు. ఇంతకాలం అధికార పత్రాల్లో వెనక్కి నెట్టినా ఇళ్లలో నిలిచిన పేర్లను అందమైన శబ్దాలుగా మాత్రమే అచ్చువేయడం నాకు సబబుగా తోచలేదు. పైగా, కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే పేరును వారి సొత్తుగా భావించే ఆచారం అక్కడ ఉంది; అడగకుండా తీసుకోవడం మర్యాద కాదు.

కాబట్టి, విదేశీ పేర్లను ప్రచురించేటప్పుడు అవి ఏ భాషవో, ఏ సందర్భంలో పెట్టేవారో రెండు వాక్యాల్లోనైనా తెలపాలని, ఉచ్చారణను ఆ భాష వచ్చినవారితో సరిచూపించాలని కోరుతున్నాను. స్థలం చాలకపోతే ఇరవై పేర్లకు బదులు ఐదే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం