ముందు డబ్బా మూత చూడు, బిడ్డా

హన్మకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నిన్న ఫోన్లో నీ మీద అరిచాను. పదకొండు మందితో నడి గోదాట్లో బోటు మోటరు ఆగిపోయిందని నువ్వు చెప్తుంటే నాకు చేతులు ఆడలేదు. ఆ భయమే తిట్లయి బయటికొచ్చింది. కంటి ఆపరేషన్ అయ్యి పన్నెండు రోజులే అయిందని అక్క పెన్ను లాక్కుంటోంది. అయినా రాస్తున్నా. ఫోన్లో చెప్తే "ఆ బాపూ, సరే బాపూ" అని పెట్టేస్తావు. కాగితమైతే పానాల పెట్టెలో ఉంటుంది, అవసరమైనప్పుడు తీసి చూసుకుంటావు.

పెట్రోల్‌ను గాలితో కలిపి మోటరుకిచ్చే ఆ కార్బొరేటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అన్నాడన్నావు. మార్చాలేమో, నేను కాదనను. కానీ కార్బొరేటర్ అందరికంటే ఆఖరున విప్పాల్సింది. మన కాళేశ్వరంలో ముక్తీశ్వరుడి నాసికా రంధ్రాల్లో పోసిన నీళ్లు సంగమంలో కలుస్తాయంటారు, ఆ దారి ఎవరూ కళ్లతో చూడలేదు. డబ్బా నుంచి మోటరు దాకా పెట్రోల్ పోయే దారి అట్లాంటిది కాదు. మూత, గొట్టం, గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు, ఫిల్టర్, పంపు, కార్బొరేటర్. డబ్బా దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి.

మోటరు ఎట్ల ఆగిందని అడిగితే "ఆగింది బాపూ, అంతే" అన్నావు. అక్కడే నాకు కోపం వచ్చింది. ప్లగ్‌కు కరెంటు పోతే స్విచ్ ఆర్పినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోల్ అందకపోతే ముందు దమ్ము తగ్గుతుంది, ఉబ్బసం ఉన్న మనిషిలా ఎగపోస్తుంది, కాస్త కోలుకుంటుంది, మళ్లీ డీలా పడి ఆగుతుంది. నీతో ఉన్న పిల్లవాణ్ని అడిగితే రెండుసార్లు తగ్గి లేచిందన్నాడు. అందుకే ఇది పెట్రోల్ గొడవే అనుకుంటున్నా. (మోటరు ఆపే స్విచ్‌కుండే ఎర్ర తాడు క్లిప్పు ఊడిందేమో కూడా చూసుకో, అది ఊడితే మోటరు స్టార్ట్ కాదు. నవ్వకు, అది చూడకుండా గంటసేపు స్టార్టు తాడు గుంజిన వాళ్లను నేను చూశాను.)

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గుపడి. 2015 పుష్కరాలకు పాత మోటరు కొన్నాం కదా, ఆ మరుసటి ఏడాది శివరాత్రి. డబ్బాను ఆటోలో తెస్తూ, పెట్రోల్ ఒలకకుండా మూత మీది గాలి స్క్రూ బిగించాను. బోటెక్కాక విప్పడం మరిచాను. మోటరు ఒక్క గుంజుకే స్టార్ట్ అయింది, పది నిమిషాలు మంచిగా నడిచింది, ఆగింది. కాసేపాగి గుంజితే మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. నేను పెద్ద మెకానిక్‌లా నీళ్ల మీదే కార్బొరేటర్ విప్పాను. అందులోని సన్న సూది చేయి జారి గోదాట్లో పడింది. అప్పుడు వెనక కూర్చున్న ఒక ముసలామె అడిగింది, "గా డబ్బా గట్లెందుకు సొట్టబోయింది బిడ్డా?" అని. చూస్తే ప్లాస్టిక్ డబ్బా పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది. స్క్రూ తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. పెట్రోల్ బయటికి పోయినకొద్దీ దాని జాగాలోకి గాలి రావాలి కదా. రాకపోతే పంపు ఎంత పీల్చినా చుక్క కదలదు. సంగతి తెలిసింది గానీ సూది పోయింది. గడ వేసుకుంటూ ఒడ్డుకొచ్చాం.

స్క్రూ తెరిచే ఉంటే, ఇక రబ్బరు బల్బు పట్టుకో. దాని మీది బాణం మోటరు దిక్కు ఉండాలి. బాణం పైకి ఉండేట్టు నిలబెట్టి నొక్కు. నాలుగైదు నొక్కులకు రాయిలా గట్టిపడాలి. మోటరు నడుస్తుండగా బల్బు చప్పిడైపోయి అతుక్కుపోతే, అడ్డం డబ్బా దిక్కే ఉంది. మూతైనా కావచ్చు, అడుగున పీల్చే గొట్టానికి ఉన్న జాలీలో మట్టైనా కావచ్చు. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు లోపలి వాల్వు పోయింది, లేదా కార్బొరేటర్ నిండి పొర్లుతోంది. పొర్లితే వాసనే చెప్తుంది.

గాలి పీల్చే చోటు దొరకబట్టడం కష్టం. కారితే కదా కనబడేది! డబ్బాకూ బల్బుకూ మధ్య గొట్టంలో పెట్రోల్‌ను ఎప్పుడూ పీల్చడమే ఉంటుంది, కాబట్టి చిల్లు పడినా బయటికి చుక్క రాదు, గాలే లోపలికి పోతుంది. బల్బు నుంచి మోటరు దాకా ఉన్న ముక్కలో అయితే బల్బు గట్టిగా నొక్కినప్పుడు తడి కనబడుతుంది. రెండు కొసల్లోని కనెక్టర్లలో రబ్బరు రింగులుంటాయి, వాటిని వేలితో తడిమి చూడు. పగిలి ఉంటే మార్చాల్సిందే.

మోటరు దమ్ము తగ్గుతున్నప్పుడు ఇంకో పని చెయ్యి. పక్కవాడితో బల్బు నొక్కిస్తూ ఉండు. నొక్కినంతసేపూ మోటరు కోలుకుంటే కార్బొరేటర్ బాగానే ఉన్నట్టు, దాని దాకా పెట్రోల్ తెచ్చేదే బలహీనమైనట్టు. అంటే గొట్టమో, మోటరు మీది చిన్న పంపో. ఆ పంపులో సన్న పొరలుంటాయి, డయాఫ్రమ్ అంటారు. పొర గట్టిపడినా చిరిగినా, నెమ్మదిగా పోతే నడుస్తుంది, జనం ఎక్కి ఫుల్లు ఇస్తే ఆగుతుంది. నువ్వు చెప్పింది నాకు కొంచెం అట్లనే అనిపించింది. ఇట్ల నొక్కుకుంటూనే ఒడ్డుకు చేరొచ్చు కూడా.

అన్నిటికంటే తేలిక పరీక్ష, పక్క బోటువాళ్ల డబ్బాను గొట్టంతో సహా అడిగి తగిలించడం. దానితో మంచిగా నడిస్తే తప్పు మన డబ్బాదో గొట్టానిదో. నడవకపోతే మోటరు మూత విప్పు. పెట్రోల్‌లో కలిపే నూనె కొలత వాళ్లదీ మనదీ ఒకటేనా అడుగు. మనది 20 లీటర్లకు 400 మిల్లీలీటర్లు.

పెట్రోల్ కూడా చూడాలి. ఇప్పుడు బంకులో వచ్చేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను పట్టుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుక్కు దిగుతాయి, మన గొట్టం పీల్చేదీ అడుగు నుంచే. నూనె ఆ నీళ్లలో కలవదు కూడా. డబ్బా అడుగు నుంచి కాస్త గాజు సీసాలోకి తీసి పెట్టు, కింద వేరే పొర కనబడితే మొత్తం పారబోయక తప్పదు. గోదాట్లో కాదు! పాత గొట్టాలనూ ఆ ఇథనాల్ లోపలి నుంచి తినేస్తుంది, ఊడిన పెచ్చులు పోయి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి. మన గొట్టం మోటరుతో పాటు వచ్చిందే, ఎంత పాతదో.

ఇవన్నీ అయ్యాకే కార్బొరేటర్. కింది స్క్రూ విప్పి సీసా పట్టి బల్బు నొక్కు. ధారగా వస్తే పెట్రోల్ అక్కడి దాకా వస్తున్నట్టే, ఇక తప్పు లోపల. అప్పుడు మెకానిక్‌కు ఇవ్వు. పెట్రోల్ చిమ్మే జెట్టు రంధ్రంలో తీగ పెట్టి పొడవనియ్యకు, రంధ్రం పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు.

ఇదంతా ఒడ్డున, జనం లేనప్పుడు. పెట్రోల్ ఆవిరి బరువైంది, బోటు అడుగునే పేరుకుంటుంది, బీడీ దగ్గరికి రానియ్యొద్దు. నీళ్ల మీద మోటరు ఆగితే ముందు లంగరు వెయ్యి, మోటరు సంగతి తర్వాత. నిన్న నువ్వు లంగరు వేశావని ఆ పిల్లవాడే చెప్పాడు. నేను అరవడంలో ఆ మాట అడగనే లేదు.

కొత్త గొట్టం, బల్బు, నాలుగు క్లిప్పులు, పంపు పొరల సెట్టు బావతో మంగళవారం పంపుతున్నా. అమ్మ సకినాలు కూడా కట్టింది, వాటిని పెట్రోల్ సామానుతో ఒకే సంచిలో పెట్టొద్దని బావకు చెప్పాను. పాత గొట్టం పారెయ్యకు. కోసి లోపల ఎట్లుందో చూసి నాకు చెప్పు.

నీ బాపు