తప్పు వాల్వ్‌ది, నేను మార్చింది థర్మోస్టాట్‌ని

నమస్కారం అండి. ఇంగ్లాండ్‌లో రెడింగ్, స్లౌ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లలో హీటింగ్ పనులు చేసే నేను మామూలుగా ఈ రోజుల్లో బాయిలర్ సర్వీసింగ్ గుర్తుచేస్తూ రాస్తాను. ఈసారి అది కాదు. ఒక ఇంట్లో నేను చేసిన పొరపాటు గురించి, దానివల్ల మీలో కొందరికి రావాల్సిన డబ్బుల గురించి రాస్తున్నాను.

జూన్‌లో ఫోన్ వచ్చింది. హీటింగ్ ఆపేసి నెల దాటినా పైగదుల్లో రేడియేటర్లు, అంటే లోపల వేడినీళ్లు తిరిగి గదిని వెచ్చబరిచే పలకలు, కాలుతున్నాయట. వెళ్లేసరికి గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ కిటికీలన్నీ తెరుచుకుని కూర్చున్నారు. "మా ఊరి ఎండ తప్పించుకుందామని వస్తే ఇక్కడ ఇంట్లోనే కాస్తోంది బాబూ" అన్నారు. నవ్వాను. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. "రోజంతా కాదు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. మధ్యాహ్నం ముట్టుకుంటే చల్లగానే ఉంటాయి." సరేనండీ అని తల ఊపి, గది వేడిని బట్టి హీటింగ్‌ను ఆన్, ఆఫ్ చేసే థర్మోస్టాట్ విప్పడం మొదలుపెట్టాను.

ఊళ్లో బోరు మోటారు ఆగితే అందరూ ముందు స్టార్టర్ మీద పడతారు చూడండి, నా బుద్ధి కూడా అలాగే పోయింది. పాత థర్మోస్టాట్, లోపల అతుక్కుపోయి ఉంటుందని కొత్తది బిగించాను. 140 పౌండ్లు. వారానికి మళ్లీ ఫోన్. ఈసారి హీటింగ్‌కు, వేడినీళ్లకు టైములు పెట్టే ప్రోగ్రామర్ మార్చాను. 165 పౌండ్లు. మూడోసారి ఫోన్ చేసినప్పుడు ఆవిడ కొడుకు "అన్నా" అనడం మానేశాడు.

ఆ మూడోసారి వేడినీళ్లు నిల్వ ఉండే సిలిండర్ ఉన్న అల్మరా ముందు చాప వేసుకుని కూర్చుని, పెద్దావిడ చెప్పిన వేళల గురించి ఆలోచించాను. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు. అవి స్నానాల నీళ్లు కాగడానికి పెట్టిన టైములు!

ఆ ఇంట్లో ఉన్నది రెండు వాల్వుల పద్ధతి. బాయిలర్ నుంచి వచ్చే వేడినీటి పైపు రెండుగా చీలుతుంది. ఒకటి సిలిండర్‌కు, ఇంకోటి రేడియేటర్లకు. ఒక్కో దారికీ ఒక మోటారు వాల్వ్. కరెంటు అందితే లోపలి చిన్న మోటారు వాల్వ్‌ను తెరుస్తుంది, కరెంటు పోతే స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది. పూర్తిగా తెరుచుకున్నాక లోపలి చిన్న స్విచ్, మైక్రోస్విచ్ అంటారు, కలిసి, అప్పుడు బాయిలర్‌కు, పంపుకు "ఇక మొదలుపెట్టు" అని కరెంటు పంపుతుంది.

ఈ ఇంట్లో రేడియేటర్ల వైపు వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. ఒక సందు మిగిలిపోతోంది. మైక్రోస్విచ్‌ను కలిపేంత తెరుచుకుని లేదు కాబట్టి బాయిలర్ తనంతట తాను వెలగదు. కానీ స్నానాల నీళ్ల కోసం బాయిలర్ వెలిగినప్పుడల్లా కొంత వేడినీరు ఆ సందులోంచి పైకి పోతోంది. గోడకున్న థర్మోస్టాట్ "వద్దు" అంటూనే ఉంది పాపం, దాని మాట వినేవాళ్లే లేరు.

దీన్ని పట్టుకోవడానికి కరెంటు కొలిచే మీటరు కూడా అక్కర్లేదు. ప్రోగ్రామర్‌లో హీటింగ్ ఆపి, వేడినీళ్లు మాత్రం ఆన్ చేసి పది నిమిషాలు ఆగి, హీటింగ్ వాల్వ్ దాటాక ఒక మూర దూరంలో పైపు మీద జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడాలి. వాల్వ్ పక్కనే కాస్త వెచ్చగా ఉండటం మామూలే. మూర దూరంలో కూడా చుర్రుమంటే వాల్వ్ మూసుకోనట్టే. మొదటి రోజు చేసి ఉంటే 305 పౌండ్లు మిగిలేవి.

తర్వాత పవర్ తీసేసి పైనున్న మోటారు డబ్బా విప్పాను. కింద కనపడే ఇరుసు వేళ్లతో తిప్పితే తిరగాలి. తిరిగితే లోపం డబ్బాలో, అది అరగంట పని. ఇక్కడ పట్టకారుకు కూడా మొరాయించింది. అంటే వాల్వ్ ఒళ్లే పాడైంది, డబ్బా మార్చి లాభం లేదు. సిస్టమ్‌లో నీళ్లన్నీ తీయాల్సి వచ్చింది. కాటుక కలిపినట్టు నల్లగా వచ్చాయి. రేడియేటర్ల లోపలి ఇనుము తుప్పుపట్టి నీళ్లలో కలిసిన మడ్డి అది, వాల్వ్‌ను బిగించేసింది కూడా అదే. కొత్త 22 మి.మీ. వాల్వ్ పెట్టి, నీళ్లు నింపి, తుప్పును ఆపే ఇన్‌హిబిటర్ ఒక లీటరు పోసి, రేడియేటర్లలో గాలి తీసి, ప్రెషర్ 1.2 బార్ దగ్గర ఉంచి వచ్చాను. మర్నాడు పొద్దున ఆరున్నరకు పెద్దావిడే ఫోన్ చేశారు, రేడియేటర్ మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడుతున్నానని.

వాల్వ్‌కు, దాని పనికి మాత్రమే డబ్బు తీసుకున్నాను. ముందు తీసుకున్న 305 తిరిగి ఇచ్చేశాను. అక్కడితో అయిపోయి ఉంటే మీకు రాసేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి పోయిన చలికాలం డైరీ తిరగేస్తే ఇంకో నాలుగిళ్లలో "హీటింగ్ రావడం లేదు, థర్మోస్టాట్ మార్చాను" అని రాసుకున్నాను. ఆ నాలుగింటిలో రెండిళ్లకు నెల తిరక్కుండానే వాల్వ్ మోటారు కోసం మళ్లీ వెళ్లాను. అప్పుడు అది వేరే రిపేరు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

చలికాలంలో హీటింగ్ రానప్పుడు తప్పు థర్మోస్టాట్‌దా, వాల్వ్‌దా అని కనిపెట్టడం ఇంకా తేలిక. థర్మోస్టాట్ పెంచాక వాల్వ్‌కు వెళ్లే బ్రౌన్ వైరులో 230 వోల్టులు లేకపోతే తప్పు థర్మోస్టాట్‌ది, ప్రోగ్రామర్‌ది, లేదా మధ్యలోని వైరింగ్‌ది. బ్రౌన్‌లో ఉండి, వాల్వ్ నుంచి బయటికొచ్చే ఆరెంజ్‌లో రాకపోతే తప్పు దాదాపు వాల్వ్‌దే. రెండు నిమిషాల పరీక్ష. ఇక నుంచి మీటరు పెట్టకుండా ఏ పార్టు పెట్టె తెరవను. మార్చిన పార్టుతో రోగం నయం కాకపోతే దాని డబ్బు అడగను.

మీరు మాత్రం ఆ వాల్వ్ మోటారు డబ్బా మూత విప్పకండి. ప్రోగ్రామర్ ఆపినా అందులోని గ్రే వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పైపు ముట్టుకుని చూడటం వరకు చాలు. బాయిలర్ కవర్ తీయాల్సి వస్తే నన్నైనా, ఇంకెవరినైనా గ్యాస్ పనికి నమోదైనట్టు చూపే గ్యాస్ సేఫ్ కార్డు చూపించమని అడగండి, మొహమాటం వద్దు. సిలిండర్ లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచే కాంబీ బాయిలర్ ఉన్న చాలా ఇళ్లలో ఈ వాల్వులే ఉండవు కాబట్టి వాళ్లకు ఈ గొడవ లేదు.

ఆ నాలుగిళ్లవాళ్లకు ఈ ఆదివారం నుంచి ఫోన్ చేస్తాను. బిల్లు కాగితం దొరక్కపోయినా ఫర్వాలేదు, నా డైరీలో ఉంది. సర్వీసింగ్ అమ్మడానికి చేస్తున్నాననుకుని కట్ చేయకండి.